డిగ్రీ పిల్లలు ఎంబీఏ ఎందుకు చేస్తామంటున్నారు? ఎవరిని ఎటు పంపాలి?

కామర్స్ లెక్చరర్:
ఫైనలియర్ పిల్లల్ని ఎంబీఏ ఎందుకని అడిగితే వచ్చే జవాబులు నాలుగే. జీతం పెరుగుతుంది, కోడింగ్ పడదు, వేరే రంగంలోకి వెళ్లాలి, ఏదో ఒక పీజీ ఉండాలి. వీటిలో నిలబడేవి ఏవి? ఐసెట్ (రాష్ట్రంలోని ఎంబీఏ కాలేజీల ప్రవేశ పరీక్ష), క్యాట్ (ఐఐఎంల ప్రవేశ పరీక్ష), ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)... ఏ కారణానికి ఏ దారి సరిపోతుంది? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

క్యాట్ క్లాసులు:
సార్, ముందు పక్కన పెట్టాల్సింది "కోడింగ్ పడదు". ఇంటర్వ్యూలో వెంటనే "మరి ఏ పని పడుతుంది?" అంటారు, అక్కడ నోరు పెగలదు.

రంగం మారడం మాత్రం గట్టి కారణం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్న మనిషి మార్కెటింగ్‌కి వెళ్లాలంటే పాత అనుభవం పెద్దగా పనికిరాదు. రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది అయ్యాక వచ్చే 8-10 వారాల సమ్మర్ ఇంటర్న్‌షిప్పే కొత్త రంగంలో వాళ్ల తొలి అడుగు. పని నచ్చితే అదే కంపెనీ ముందస్తు ఆఫర్ ఇస్తుంది. ఐఎస్‌బీ పీజీపీ లాంటి ఏడాది కోర్సులో ఈ ఇంటర్న్‌షిప్ ఉండదు. కనీసం రెండేళ్ల ఉద్యోగం, జీమ్యాట్ లేదా జీఆర్ఈ అనే అంతర్జాతీయ ప్రవేశ పరీక్షలో స్కోరు ఉండి, ఉన్న రంగంలోనే పై మెట్టు ఎక్కాలనుకునేవాళ్లకి అది బాగా నప్పుతుంది.

ఇంకోటి. క్యాట్ ఇంజనీర్ల పరీక్ష అనుకుని బీకామ్ పిల్లలు దరఖాస్తే పెట్టరు, చాలా బాధేస్తుంది. చాలా ఐఐఎంలు ఇంజనీరింగ్ కాని డిగ్రీలకి అదనపు పాయింట్లు కలుపుతాయి. పదో తరగతి, ఇంటర్ మార్కులూ లెక్కలోకి వస్తాయి. దెబ్బ తగిలేది సెక్షన్ల కటాఫ్ దగ్గర. మొత్తం పర్సంటైల్ (ఎంత శాతం మందిని దాటారన్నది) ఎంత బాగున్నా డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజిక్ సెక్షన్‌లో తగ్గితే పిలుపు రాదు. సెక్షన్‌కి 40 నిమిషాలే, ఒక సెక్షన్ నుంచి ఇంకోదానికి వెళ్లడానికి లేదు. మొదటి ఐదు నిమిషాలు సెట్లన్నీ (ఒకే డేటా మీద అడిగే ప్రశ్నల గుంపులు) చదివి, ఏవి వదిలేయాలో తేల్చుకోవడం నేర్పించండి. మొదట కనబడ్డ సెట్‌లోనే ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

బ్యాంకు లోన్ల టేబుల్:
"జీతం పెరుగుతుంది" అనేదాన్ని కిస్తీతో కొలవండి. 20 లక్షల లోను, 10 శాతం వడ్డీ, ఆర్నెల్లకి 5 లక్షల చొప్పున నాలుగు విడతల్లో బ్యాంకు ఇస్తుందనుకుందాం. కోర్సు రెండేళ్లు, ఆపై ఏడాది వరకు కిస్తీ ఉండదు, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మామూలు వడ్డీ వేసినా 4.5 లక్షలు. అంటే కట్టడం మొదలయ్యేనాటికి బాకీ 24.5 లక్షలు, పదేళ్లకి నెలనెలా 32,400 దాకా. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే కిస్తీ 26,400కి దిగుతుంది. ఈ వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంది, అసలుకి లేదు.

ప్లేస్‌మెంట్ కాగితంలో సగటు జీతం చూసి లోను తీయొద్దు. ఇద్దరికి పెద్ద ఆఫర్లు వస్తే సగటు ఎగిరిపోతుంది. మధ్యస్థ జీతం (అందర్నీ జీతం వరసలో పెడితే నడిమి మనిషికి వచ్చేది) ఎంత, ఎంతమంది ప్లేస్‌మెంట్లకి కూర్చున్నారు, సీటీసీలో (కంపెనీ చెప్పే మొత్తం ఏడాది ప్యాకేజీలో) స్థిర జీతం ఎంత, టార్గెట్ చేరితేనే వచ్చేది ఎంత? ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి.

కామర్స్ లెక్చరర్:
చాలా ఉపయోగం అండి. మా దగ్గర ఎక్కువమంది ఐసెట్ వైపే. "ఏదో ఒక పీజీ" బాపతు కూడా వీళ్లే.

క్యాట్ క్లాసులు:
ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, ప్రశ్నకి 45 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. అర్హత మార్కు 25 శాతమే, ఎస్సీ, ఎస్టీలకి కనీస మార్కు లేదు. ఏదో ఒక సీటు దొరకడం కష్టం కాదు, అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్ సీట్లకి మంచి ర్యాంకు కావాలి. అది రాకపోతే ఏ కాలేజీ అయినా ఒకటేనని వెబ్ ఆప్షన్లలో ఇంటికి దగ్గరవి వరసగా పెట్టేస్తారు.

బ్యాంకు లోన్ల టేబుల్:
"ఏదో ఒక పీజీ" అనేవాళ్ల గురించే ఒక మాట. బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగానికి డిగ్రీ చాలు, ఎంబీఏ అక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ తీసుకునే స్పెషలిస్ట్ ఆఫీసర్లలో మార్కెటింగ్, హెచ్ఆర్ పోస్టులకి మాత్రం రెండేళ్ల రెగ్యులర్ పీజీ కావాలి, స్పెషలైజేషన్లు రెండు మించకూడదు. రెండు ఉంటే వాటిలో ఒకటి ఆ పోస్టుకి చెందినదై ఉండాలి, మేజర్-మైనర్ పద్ధతి అయితే మేజర్ అదే కావాలి. ఏ పేరూ లేకుండా వట్టి "ఎంబీఏ" అని సర్టిఫికెట్ ఇచ్చే కోర్సయితే, స్పెషలైజేషన్ రుజువుకి కాలేజీ నుంచి లెటర్ తెచ్చుకోవాల్సి వస్తుంది. రెండో ఏడాది ఎలక్టివ్‌లు ఎంచుకునే ముందే పాత నోటిఫికేషన్ ఒకటి పిల్లల ముందు పెట్టి చదివించండి సార్.