నేటి సమస్య: కడలి కంటె వలయె ఘనము సుమ్ము

నిర్వాహకుడు: ఉప్పాడ ఒడ్డున తడివల భుజాన వేసుకుని పోతున్న ఒకాయన్ని చూస్తే తట్టిన పాదం. పూరించండి.

పూరణప్రియ:
పండు వెన్నెలందు బంగారు చేపలే
నిండుకుండ వోలె నిండె వలను
కూడు పెట్టు మాకు గుడిసెను నిలుపురా
కడలి కంటె వలయె ఘనము సుమ్ము

నిర్వాహకుడు: ధార బాగుందమ్మా. మూడో పాదం నేరుగా గుండెకు తగిలింది.

భీమిలి మాస్టారు: మూడో పాదానికి నా దండం. మొదటి పాదాన్ని మాత్రం ఒప్పుకోలేను. పండు వెన్నెల్లో వల నీళ్ళలో కనబడిపోతుంది తల్లీ, చేప తప్పుకుంటుంది. పున్నమికి అటూ ఇటూ మా నాన్న వేట మానేసి, వల చివర కాలి బొటనవేలికి తగిలించి లాగిపట్టుకుని, తెగిన కన్నులు, అంటే వల గళ్ళు, అల్లుకుంటూ కూర్చునేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో చారే. వేటగాడి పద్యంలో చంద్రుడు అలంకారం కాదు, ఆ పూట కూడు ఉందో లేదో చెప్పేవాడు.

గౌతమీతీరం: మాస్టారి మాట నిజం. నాది కన్ను మీదే నడిచింది.

పిల్లచేప జారి పెరుగఁగా వలెనంచుఁ
బెద్ద కన్నులు తెఱచి విడిచిపెట్టె
నేటి యాఁకలోర్చి నిలిపె రేపటి వేట
కడలి కంటె వలయె ఘనము సుమ్ము

భీమిలి మాస్టారు: విరుపంటే ఇదీ! వలకన్ను పెద్దదైతే పిల్లచేప బతుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం పెట్టేదీ చేప గుడ్లు పెట్టి పెరగడానికే. పైగా 'పెరుగఁగా వలె'లో వల దాచారు.

పూరణప్రియ: విరుపు సరే, రెండో పాదం మూడో గణం చూశారా? 'కన్నులు' దగ్గర ఒక లఘువు ఎక్కువైంది. పోయిన నెల పూరణలో ఈయనే మాఘమాసంలో పులసను పట్టించారు. పులస గోదారికి ఎదురెక్కేది వరద ఎర్రనీటికి కదా! అప్పుడెవరూ నోరు మెదపలేదు, నా వెన్నెల మాత్రం తప్పైంది.

గౌతమీతీరం: రెండూ నా తప్పులే. గోదారి గట్టున పుట్టి ఆ మాట రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. సముద్రంలో విలస, ఎర్రనీటికి ఎదురీదితేనే పులస. నెల మారిస్తే చేపే మారిపోతుంది. రెండో పాదం ఇలా చదవండి: 'బెద్ద కన్ను తెఱచి విడిచిపెట్టె'.

నిర్వాహకుడు: ఒక్క కన్నుతోనే అర్థమూ చిక్కబడింది. పూరణప్రియ గారూ, మీ మూడో పాదం వదులుకోకండి, పైరెండూ మార్చి చూడండి.

పూరణప్రియ: రాత్రంతా కూర్చున్నాను.

చిమ్మచీఁకటందుఁ జేపలు వలఁ జిక్కెఁ
జుక్క తప్ప వేఱు చూపు లేదు
కూడు పెట్టు మాకు గుడిసెను నిలుపురా
కడలి కంటె వలయె ఘనము సుమ్ము

భీమిలి మాస్టారు: ఆ చుక్కను చూసుకునే మా నాన్న ఒడ్డుకి తిరిగొచ్చేవాడమ్మా. రెండో పాదం ఆయనకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు.