హోప్ ఐలాండ్ బోట్లు తాబేళ్ల సీజన్‌లో ఆపాలా, నడపాలా?

గౌతమి_ఒడ్డు:
సంక్రాంతికి చుట్టాలు దిగగానే అందరి నోటా ఒకటే మాట, కాకినాడ దగ్గరి దీవి హోప్ ఐలాండ్‌కి వెళ్దాం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం అని. మడ అడవి పక్కనుంచి సముద్రం దాకా తిరిగి రావడం బాగుంటుంది, కాదనను. కానీ జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ మూడు నెలలూ టూరిస్టు బోట్లు పూర్తిగా ఆపేయాలని నా వాదన. మిగతా తొమ్మిది నెలలు ఉన్నాయి కదా.

కోనసీమ_కుర్రాడు:
ఏ తొమ్మిది నెలలండీ? ఏప్రిల్, మేలో ఎండకి బోటు రేకు ముట్టుకోలేం. తర్వాత గోదారికి వరద ఎర్రనీళ్లు, ఆపైన అక్టోబరు, నవంబరులో తుఫాన్లు. బోటు నడిపేవాళ్లకి నాలుగు డబ్బులు కళ్లబడేదే చలికాలంలో.

మడకాలువ:
కుర్రాడు చెప్పింది నిజం, కానీ నేను తాబేలు వైపు నుంచే మాట్లాడతాను. తాబేలు గట్టెక్కేది ఎక్కువగా రాత్రిపూట. ఇసుకలో గుంట తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పేసి, మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతుంది. పగటి బోటు చీకటి పడేలోగా వెనక్కొచ్చేస్తే ఆ ఇసుక మీద రెండూ ఎదురుపడే పనే లేదు.

మరి ఏటా ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ల సంగతి? వాటిని ఎక్కువగా చంపేది ట్రాలర్ వల. తాబేలుకి ఊపిరితిత్తులుంటాయి, గాలి కోసం పైకి రావాల్సిందే. వలని గంటల తరబడి అడుగున ఈడ్చుకుంటూ పోతే లోపల ఇరుక్కున్నది ఊపిరాడక చస్తుంది. వల నుంచి తాబేలు బయటపడేందుకు బిగించే చట్రం ఉంది, టెడ్ అంటారు, అది పెట్టుకోవాలని రూల్ ఉంది. తీరానికి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదనీ రూల్ ఉంది. వేట నిషేధమేమో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే గుడ్లు పెట్టడం దాదాపు అయిపోయాక. ఇవన్నీ వదిలేసి, లైఫ్ జాకెట్లు వేసుకుని కూర్చున్న పిల్లాపాపల బోటు ఆపితే తాబేలుకి ఒరిగేదేముంది?

ఇంకో సంగతి. ఈ బోట్ల దారిలోని కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యం చేశారు గానీ ఆ అడవిని చూడనివాడు దాని కోసం నోరు విప్పడు. పోటు తీసేశాక సరంగు ఇంజను ఆపేసి గెడ వేసి తోస్తుంటే చూడండి, బురదలోంచి మడ చెట్ల ఊపిరివేళ్లు మేకుల్లా నిటారుగా లేచి ఉంటాయి, వాటి మధ్య కళ్లు నెత్తిమీదున్న బురదచేపలు ముందు రెక్కల మీద పాకుతూ, మన నీడ పడగానే బొరియలోకి దూరిపోతాయి. బావురుపిల్లి, నీటికుక్క ఉండే చోటు అది. ఒక్కసారి చూసిన పిల్లలు ఆ అడవి కొట్టేస్తామంటే ఊరుకోరని నా నమ్మకం.

గౌతమి_ఒడ్డు:
రాత్రి సంగతి ఒప్పుకుంటాను. కానీ అవి జతకట్టేది, గుడ్లు పెట్టేముందు తిరిగేది ఒడ్డు దగ్గరి నీళ్లలోనే, అదీ పగలు కూడా. పైకి తేలినప్పుడు ప్రొపెల్లర్ తగిలితే డిప్ప పగిలిపోతుంది. దిగిన జనం గుడ్ల గుంటల మీదే నడుస్తారు, అక్కడే బిర్యానీ పొట్లాలు పారేస్తారు, ఆ స్పీకర్ల గోల సరేసరి. మార్చిలో పెట్టిన గుడ్లు పిల్లలయ్యేసరికి మే వస్తుంది, అప్పటిదాకా ఎవరు చూస్తారు?

మడకాలువ:
ప్రొపెల్లర్ మాట న్యాయమైనదే. అందుకే స్పీడు తగ్గించాలి, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరికీ సముద్రం వైపుకీ పోకుండా కాకినాడ బే వైపు నుంచే వెళ్లి అటే దింపాలి. సముద్రం వైపు ఇసుకకి తాడు కట్టి మే అయ్యేదాకా ఎవర్నీ అడుగు పెట్టనివ్వకూడదు. నాలుగింటికల్లా తిరుగుప్రయాణం. రాత్రి బస మాత్రం ససేమిరా వద్దు, గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపు పోతాయి, మనం బల్బు వేస్తే సముద్రం వదిలేసి ఇటే వస్తాయి. స్పీకర్ పెట్టిన బోటు లైసెన్సు లాక్కోండి, నేనూ మీ పక్కే నిలబడతాను.

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదారిలో టూరిస్టు బోటు మునిగి అంత ఘోరం జరిగాక పాపికొండల బోట్లు కొన్నాళ్లు ఆపేశారు, కంట్రోల్ రూములు పెట్టి మళ్లీ వదిలారు. గోదారి మీద చేయగలిగింది బేలో ఎందుకు చేయలేరు?

గౌతమి_ఒడ్డు:
తాడు కడతారు సరే, కాపలా ఎవరుంటారు? ఫారెస్టు వాళ్లు ఎంతమందని ఉన్నారు?

మడకాలువ:
సరంగులనే పెట్టమనండి, టికెట్ డబ్బుల్లో కొంత వాళ్లకిచ్చి. ఏ గుంట ఎక్కడుందో, కుక్కలూ నక్కలూ ఎటునుంచి వస్తాయో రోజూ అటు తిరిగేవాళ్లకి తెలుస్తుంది. మూడు నెలలు బోట్లు ఆపితే వాళ్లు అక్కడ ఉండరు, ట్రాలర్లు మాత్రం ఉంటాయి.