పెరట్లో టీ పార్టీ: చల్లగాలికి టీ చల్లారిపోకుండా ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఆకులు రాలే కాలం వచ్చింది కదా, ఈ ఆదివారం ఇంటిల్లిపాదినీ పెరట్లో కూర్చోబెట్టి టీ పార్టీ ఇవ్వాలనుకుంటున్నాను. అమ్మమ్మ నుంచి చిన్నపిల్లల దాకా సుమారు 15 మంది ఉంటాం.

కుర్చీలు, దుప్పట్లు, తినేవి చూసుకోగలను. టెన్షనంతా టీ గురించే. బ్లాక్ టీకి బాగా మరిగిన నీళ్లు పోసి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. గ్రీన్ టీకేమో 80 డిగ్రీల లోపు వేడి, 2 నిమిషాలు చాలు. ఆకు నీళ్లలోనే ఉండిపోతే రెండూ చేదెక్కుతాయి. అందుకే వడకట్టి, ముందే వేడినీళ్లు పోసి వెచ్చబరిచిన ఫ్లాస్కుల్లో నింపుదామని ఆలోచన. పాలు విడిగా పెడతాను. బ్లాక్ టీకి ఈ పద్ధతి బాగానే ఉంటుందనిపిస్తోంది. గ్రీన్ టీ మాత్రం గంటసేపు ఫ్లాస్కులో ఉంటే రంగు, రుచి మారిపోతాయేమో! ఎప్పటికప్పుడు పెట్టుకోవడమే మేలంటారా?

ఇంకొకటి, అమ్మమ్మకు సాయంత్రం టీ తాగితే రాత్రి నిద్ర పట్టదు. గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది కాబట్టి ఆవిడకూ పిల్లలకూ చామంతి టీ పెడదామనుకుంటున్నా. కానీ అందరూ టీ తాగుతుంటే తనకొక్కదానికే వేరేది ఇచ్చారని ఆవిడ చిన్నబుచ్చుకోకూడదు, నాకు అదే ముఖ్యం. ఇంకేమైనా మంచి ఉపాయం ఉందా?

ఇప్పుడు పొద్దు కూడా త్వరగా గూకుతోంది. మూడున్నరకే మొదలుపెట్టడం నయమా? ఇలా ఆరుబయట చేసినవాళ్లు దయచేసి చెప్పండి.