దోహదం ఏ వాక్యంలో ఇముడుతుంది?

‘దోహదం’తో సొంతవాక్యం రాయమంటే ఒక విద్యార్థి రాసిన ఈ వాక్యం మీద చర్చ నడుస్తోంది: “నిల్వ నీరు దోమలు పెరగడానికి దోహదం చేస్తుంది.” వ్యాకరణపరంగా వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా నేనైతే దిద్దుతాను.

సంస్కృతంలో దోహదం అంటే గర్భిణికి కలిగే కోరిక, మన వేవిళ్ల కోరిక. అక్కడినుంచి ఆ మాట చెట్లకు పాకింది. పూతకొచ్చే చెట్టుకూ ఓ కోరిక ఉంటుందనీ, అది తీరితే విరగబూస్తుందనీ కవిసమయం, అంటే కవులు ఆనవాయితీగా చెప్పుకునే ఊహ. అశోకానికి స్త్రీ పాదతాడనం, పొగడకు ఆమె పుక్కిలించిన మద్యం, తిలకం చెట్టుకు చూపు, కురవకానికి కౌగిలి. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’ నాటకంలో రాణి ధారిణి కాలికి దెబ్బ తగిలి, అశోకాన్ని తన్నే పని తన పరిచారిక మాళవికకు అప్పగిస్తుంది. ఎంత అందమైన ఊహ! చెట్లు బాగా పూసి కాయడానికి వేసే ఎరువునూ దోహదమనే అన్నారు.

అందుకే ఈ మాట వెంట రెండు సంగతులు నడుస్తాయి. ఒకటి, ఫలితం కోరుకోదగ్గదై ఉండాలి. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు: ఎదిగే గుణం అవతలి వస్తువులో ముందే ఉండాలి, దోహదం దానికి ఊతం మాత్రమే. “రోజూ చదవడం భాష మెరుగుపడటానికి దోహదం చేస్తుంది” బాగుంది. “స్విచ్ వేయడం దీపం వెలగడానికి దోహదం చేసింది” అంటే ఎబ్బెట్టుగా లేదూ?

“ప్రమాదానికి దోహదం చేసిన అంశాలు అని వార్తల్లో వస్తోంది, వాడుకే ప్రమాణం కాదా?” అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంగ్లిష్‌లో కాంట్రిబ్యూట్ అనే మాట మంచికీ చెడుకూ చెల్లుతుంది. దాన్ని ప్రతిచోటా దోహదంగా మార్చేయడం వల్లే ఈ వాడుక ఎక్కువైందని నా అభిప్రాయం. చెడు ఫలితానికి మనకు మాటల కరువేం లేదు: కారణమైంది, దారితీసింది, తావిచ్చింది. గొడవ పెంచితే ఆజ్యం పోసింది అంటాం.

అనుమానం వస్తే దోహదం బదులు ‘తోడ్పడు’ పెట్టి చదవండి. “నిల్వ నీరు దోమలు పెరగడానికి తోడ్పడుతుంది” అంటే దోమల పక్షాన మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

‘దోహదపడు’ తప్పా అని అడిగినవారికి: తప్పు కాదు, నిశ్చింతగా రాయండి.