ప్యాకేజీ వివరణలోని వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఆపడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. నేను ఒక చిన్న ప్రోగ్రామ్‌ను డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీగా తయారు చేస్తున్నాను. అది చదవగలిగే మూడు రకాల ఫైళ్ళ పేర్లను ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్‌లోని డిస్క్రిప్షన్‌లో (వివరణలో) వరుసకు ఒకటి చొప్పున రాశాను. టెర్మినల్‌లో చూస్తే సరిగానే ఉన్నాయి గానీ, గ్రాఫికల్ ప్యాకేజీ మేనేజర్‌లో మూడూ కలిసిపోయి ఒకే పేరాగా కనిపిస్తున్నాయి. పోనీ, మధ్యలో ఖాళీ వరుస వదులుదామంటే బిల్డ్ (ప్యాకేజీని తయారుచేసే ప్రక్రియ) ఎర్రర్‌తో ఆగిపోతోంది. దయచేసి మార్గం చెప్పగలరు.

మొదటి జవాబు

డిస్క్రిప్షన్ అన్న పదం ఉన్న వరుసలో క్లుప్త పరిచయం మాత్రమే ఉండాలి, అదీ 80 అక్షరాల లోపు. దాని కింద వచ్చే ప్రతి వరుసనూ ఎలా చూపించాలో ఆ వరుస మొదట్లోని స్పేస్‌లే నిర్ణయిస్తాయి. ఒక్క స్పేస్‌తో మొదలైన వరుసలను పేరాలో భాగాలుగా భావించి, చూపించే ప్రోగ్రామ్ తన విండో వెడల్పును బట్టి వాటిని కలిపి మళ్ళీ మడతపెడుతుంది. మీ జాబితాకు జరిగింది ఇదే. రెండు లేదా అంతకంటే ఎక్కువ స్పేస్‌లతో మొదలైతే వరుసను ఉన్నది ఉన్నట్టుగా చూపిస్తుంది. కాబట్టి ప్రతి ఫైల్ రకానికి ముందు రెండు స్పేస్‌లు, ఆపై ఒక నక్షత్రం గుర్తు (*), దాని తర్వాత ఒక స్పేస్ పెట్టండి.

ఇక ఖాళీ వరుస సంగతి. కంట్రోల్ ఫైల్‌లో నిజమైన ఖాళీ వరుస వస్తే ఆ విభాగం అక్కడితో ముగిసినట్టే లెక్క, అందుకే బిల్డ్ ఆగింది. పేరాలను విడదీయాలంటే ఒక స్పేస్, దాని వెంటనే ఒక చుక్క, అంతే. ఆ వరుసలో ఇంకేమీ ఉండకూడదు.

రెండవ జవాబు

పై జవాబు సరైనదే. అయితే రెండు స్పేస్‌ల పద్ధతి బాగుంది కదా అని మామూలు పేరాలకు కూడా వాడవద్దని నా మనవి. పక్కకు జరిపి చూసే వీలులేని ఇరుకు తెరపై అలాంటి వరుసలు పదం మధ్యలోనే విరిగిపోతాయి. చదివేవారికి అది నిజంగా ఇబ్బంది. ట్యాబ్‌లు అసలే వద్దు, అవి ఎక్కడ ఎలా కనిపిస్తాయో చెప్పలేము.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. జాబితా విడివిడిగా వచ్చింది, బిల్డ్ కూడా పూర్తయింది. అయితే మూడో అంశం పొడవైనది కావడంతో దాన్ని రెండు వరుసలుగా రాశాను. రెండో వరుస మాత్రం కింది పేరాలో కలిసిపోతోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆ రెండో వరుసకు ముందు ఒక్క స్పేసే ఉండి ఉంటుంది. నాలుగు స్పేస్‌లు ఇస్తే, పై వరుసలో నక్షత్రం తర్వాత మొదలైన అక్షరానికి సరిగ్గా కిందికి వస్తుంది.