కోళ్ల షెడ్డులో లైట్లు పెట్టి సముద్రపు నాచు పెంచితే గిట్టుబాటు అవుతుందా?

కాజీపేట_పోరడు:
అన్నలూ, అక్కలూ, జర తిట్టకుండా చదవండి. ధర్మసాగర్ దగ్గర మా బావకు కోళ్ల షెడ్డు ఉంది, రెండేళ్లుగా ఖాళీ. అందులో తొట్లు కట్టి, ఉప్పు నీళ్లు నింపి, పైన ఎల్ఈడీ లైట్లు వేలాడదీసి ఎర్ర నాచు పెంచాలని మా ఇద్దరి ఆలోచన. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో చిక్కదనానికి కలిపే క్యారజీనన్ దీని నుంచే తీస్తారు, గిరాకీకి కొదవ లేదు. 2020లో మొదలైన మత్స్య సంపద యోజనలో నాచు కోసమే 640 కోట్లు పెట్టారు. సముద్రంలో అయితే తుఫాను, అలలు, చేపలు కొరకడం. మనకు అవేమీ ఉండవు. పైగా సూర్యుడు పన్నెండు గంటలే పని చేస్తాడు, మన లైటు ఇరవై నాలుగు గంటలూ చేస్తుంది. నడుస్తుందనే నా వాదన. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

పాకాల_రైతు:
తమ్మీ, సముద్రం మనకు రెండు వందల కిలోమీటర్ల పైనే ఉంది. చెరువుల జిల్లాలో పుట్టి ఉప్పు నీళ్లు కలుపుకుంటానంటున్నావు, బాగుంది. లైట్ల సంగతి నాకు తెలియదు కానీ ఆ నీళ్లు పాడైన రోజు ఎక్కడ పారబోస్తావు? లీటరుకు 35 గ్రాముల ఉప్పు అంటే ఐదు వేల లీటర్ల తొట్టికి 175 కిలోలు. పక్కవాడి మిర్చి చేను గట్టు మీదుగా వదిలితే ఆ మడి చౌడు పడుతుంది, ఇక తరతరాలు కొట్లాటే. కోళ్ల షెడ్డు వాసనకే ఊరంతా పంచాయతీ పెడతారు, దీనికి పెట్టరా?

రిటైర్డ్_ఫిజిక్స్:
లెక్క అడిగావు కాబట్టి చెప్తున్నాను బాబూ, కాస్త ఓపికగా చదువు. వెలుగు కణాలను ఫోటాన్లంటారు, వాటిని లెక్కపెట్టే కొలత మోల్. మొక్కలు పెంచే మంచి గ్రో లైటు ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 9 మోల్ ఫోటాన్లు ఇస్తుంది. ఒక మోల్ ఫోటాన్లు తిని ఏ మొక్కైనా, నాచైనా, అన్నీ కలిసొచ్చినప్పుడు తయారు చేసే ఎండు పదార్థం ఒక గ్రాము దరిదాపు. నీ మీద ప్రేమతో యూనిట్‌కు 10 గ్రాములు వేసుకుందాం. కిలో ఎండు నాచుకు 100 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకున్నా 700 రూపాయలు ఒక్క వెలుగుకే. తొట్టి గోడల మీద పడి పోయేది, నీళ్లలో పోయేది కలిపితే రెట్టింపు అవుతుందని నా అంచనా. వ్యవసాయానికి ఉచిత కరెంటు మోటార్లకే కానీ షెడ్డులో లైట్లకు కాదు, అది కూడా గుర్తుంచుకో.

నాచు కార్బన్ పీల్చుకుంటుంది, పర్యావరణానికి మంచిది అని ఎవరైనా అనేలోపు ఇంకో లెక్క. కిలో ఎండు నాచులో కార్బన్ 300 గ్రాములుంటే అది పీల్చింది కిలో పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. మన దగ్గర కరెంటు ఎక్కువ వంతు రామగుండం, చెల్పూరు లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసేదే, యూనిట్‌కు ముప్పావు కిలో నుంచి కిలో దాకా వదులుతుంది. కిలో పట్టడానికి ఎనభై తొంభై కిలోలు వదలడం!

కాజీపేట_పోరడు:
సార్, కరెంటు బిల్లు అన్నందుకే సోలార్ పెడతాం. ఎర్ర, నీలం రంగు లైట్లే వాడితే ఇంకా తగ్గుతుంది కదా. కోళ్లకు రాత్రిపూట బల్బులు పెట్టి పదహారు గంటల వెలుగు ఇస్తే గుడ్లు పెరుగుతాయి, బావ అదే చేసేవాడు. చామంతి తోటల్లో కూడా రాత్రంతా బల్బులు వెలుగుతాయి. వాళ్లకు గిట్టింది, మాకెందుకు గిట్టదు?

రిటైర్డ్_ఫిజిక్స్:
సోలార్ అంటే ఎండను ప్యానెల్‌తో పట్టి, నూటికి 20 వంతులు కరెంటు చేసి, అందులో మళ్లీ సగం పోగొట్టుకుని లోపల బల్బు వెలిగించడం. ఎండలో మొక్కకు పనికొచ్చేది నూటికి 45 వంతులుంటే నీ బల్బు దగ్గర మిగిలేది 10, 12. అంతకంటే షెడ్డు మీది రేకు తీసేయి.

మండపం_రిటర్న్:
నేను తమిళనాడు రామనాథపురం తీరంలో, మండపం దగ్గర రెండేళ్లు నాచు పని చేసి వచ్చినదాన్ని, మాది నర్సంపేట. అక్కడ ఆడవాళ్లు వెదురు తెప్పలకు తాళ్లు కట్టి, తాడు మెలికల మధ్య నాచు ముక్కలు గుచ్చి సముద్రంలో వదులుతారు. నలభై ఐదు రోజుల్లో వేసినదానికి మూడు నాలుగింతలు. వెలుగు ఖర్చు సున్నా. నేనున్నప్పుడు ఎండిన నాచు కిలో వంద రూపాయల లోపే అమ్మేవారు. సార్ చెప్పిన 700 పక్కన ఈ వంద పెట్టి చూసుకోండి.

తమ్ముడు కోళ్ల పోలిక తెచ్చాడు, అక్కడే తప్పాడు. కోడికి బల్బు సైగ మాత్రమే, బువ్వ దాణా నుంచి వస్తుంది. చామంతికీ అంతే, పొద్దు పొడుగ్గా ఉందని నమ్మించి పూత ఆపడానికే ఆ బల్బు. నాచుకు వెలుగే బువ్వ. సైగకు చిన్న బల్బు చాలు, బువ్వకు చాలదు.

అలాగని లైటే దండగ అననండి. జపాన్ వాళ్లు తినే నోరి అనే నాచు సంగతి చూడండి. దాని విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ తెలియని కాలంలో, 1949లో కేథ్లీన్ డ్రూ-బేకర్ అనే ఆవిడ అది గవ్వల్లో దాక్కుని పెరిగే దశ ఒకటుందని కనిపెట్టింది. ఇప్పుడు ఆ గవ్వలను లోపల తొట్లలో పెట్టి, పగలు పొడుగు తగ్గించి విత్తనాలు వదిలేలా చేస్తారు. కెల్ప్ అనే పెద్ద గోధుమ రంగు నాచు పిల్లలను ఎర్ర లైటు కింద ఉంచితే ముదరకుండా అలాగే ఆగి ఉంటాయి, నీలం లైటు తగిలితేనే కాపుకొస్తాయి. నేను ఒక ల్యాబ్‌లో చూశాను, గాజు సీసాల్లో ట్యూబులైటు కింద చింతచిగురంత ఎర్ర మొలకలు. ముద్దొచ్చాయి. మనం మిర్చి నారు పోసి చేనులో నాటుతాం చూడండి, అలా నారుకు లైటు, పంటకు సముద్రం.

కాజీపేట_పోరడు:
అక్కా, ఇది బాగుంది. మరి పశువుల దాణాలో కలిపే ఆస్పరాగోప్సిస్ అనే ఎర్ర నాచు? దాణాలో నూటికి ఒక వంతు లోపు వేస్తేనే త్రేన్పుల్లో భూమిని వేడెక్కించే మీథేన్ 80 శాతం పైగా తగ్గిన ప్రయోగాలున్నాయట. అది వంద రూపాయల సరుకు కాదు. ధర ఎక్కువైతే సార్ లెక్క తప్పుతుంది.

మండపం_రిటర్న్:
తప్పొచ్చు, ఆ ఒక్క నాచు విషయంలో నీతో సగం ఒప్పుకుంటాను. కానీ అందులో పని చేసేది బ్రోమోఫామ్ అనే రసాయనం, అది ఆవిరై పోయే సరుకు. సరిగ్గా ఎండబెట్టకపోతే చేతికి మిగిలేది గడ్డే. ఇక కొనేదెవరు? మన దగ్గర బర్రె త్రేన్పుకు రైతుకు పైసలిచ్చేవాడు ఎవడున్నాడు?

గాజుతొట్టి_హన్మకొండ:
ఎవరూ ఎండల గురించి మాట్లాడలేదు. నాకు సముద్రపు అక్వేరియం ఉండేది, అందులో ఎర్ర నాచు. ఎక్కువ వెలుగు మంచిదే కదా అని లైటు రాత్రీ పగలూ వదిలేశాను. ముందు గాజు నిండా పచ్చటి పాకుడు పట్టింది, నాచు కంటే అదే బాగా తిన్నది వెలుగు. తర్వాత మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, బయట 44 డిగ్రీలు, నీళ్లు గోరువెచ్చన. మూడో రోజుకు కొమ్మలు మధ్యలో సున్నం కొట్టినట్టు తెల్లబడి, పట్టుకుంటే విరిగి చేతిలోకి వచ్చాయి. ఆ తెగులును ఐస్-ఐస్ అంటారని తర్వాత తెలిసింది, పేరుకు మాత్రం చల్లగా ఉంది. మా ఆవిడ ఆ వాసనకు వారం రోజులు హాల్లోకి రాలేదు. రేకుల షెడ్డులో అయితే నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా మే నెల దాటదు తమ్మీ, ఆ బిల్లు సార్ లెక్కలో లేనే లేదు.

పాకాల_రైతు:
చీకటి షెడ్డు ఉందని బాధెందుకు, పుట్టగొడుగులు వేయమను మీ బావను.

కాజీపేట_పోరడు:
బావకు మొత్తం చదివి వినిపించాను. అంతా విని "నారు వరకైతే ఎన్ని సీసాలు కావాలి, మండపం దాకా బతికుంటాయా" అని అడుగుతున్నాడు. అక్కా, నర్సంపేట వస్తే కలవొచ్చా?