అప్‌డేట్: స్కాట్లండ్‌లో మూడో వంతు అడిగిన హేస్టింగ్స్ గురించి

పోయిన వారం అడిగాను కదా, 1290ల్లో స్కాట్లండ్ సింహాసనం గొడవలో జాన్ హేస్టింగ్స్ అనే ఇంగ్లీష్ జమీందారు మొత్తం రాజ్యం కాకుండా మూడో వంతే ఎందుకు అడిగాడు అని. మీరు చెప్పినవన్నీ పట్టుకుని కూర్చుని చదివా, ఇప్పుడు క్లియర్ అయింది.

అసలు కథంతా పాత స్కాట్లండ్ రాజు విలియం తమ్ముడు, హంటింగ్డన్ ప్రభువు డేవిడ్ ముగ్గురు కూతుళ్ళ దగ్గరే ఉంది. సింహాసనం కోసం పోటీపడ్డ వాళ్ళలో పెద్దమ్మాయి మనవడు జాన్ బేలియల్, రెండో ఆవిడ కొడుకు రాబర్ట్ బ్రూస్, చిన్నమ్మాయి ఏడా మనవడు మన హేస్టింగ్స్. చిన్న కూతురి వైపు వాడు కాబట్టి మొత్తం నాదే అంటే ఎవడూ వినడు, అందుకని లాయర్ బుర్ర వాడాడు: స్కాట్లండ్ అసలు రాజ్యమే కాదు, ఇంగ్లండ్ రాజు కింద ఉన్న ఎస్టేట్ లాంటిది, మగపిల్లలు లేకపోతే ఎస్టేట్‌ని కూతుళ్ళకి సమానంగా పంచుతారు కదా, మా వాటా మాకివ్వండి అని. అచ్చం మా ఊళ్ళో పొలం పంపకాల పంచాయితీ!

తమాషా ఏంటంటే, అప్పటిదాకా రాజ్యాన్ని ముక్కలు చేయకూడదన్న బ్రూస్ కూడా, తన కేసు పోయేలా ఉందని తెలియగానే ప్లేటు తిప్పేసి నాకూ మూడో వంతు అన్నాడు. పని జరగలేదు, రాజ్యాన్ని పంచడం కుదరదన్నారు. 1292 నవంబర్ 17న బెరిక్ కోటలో, ఈ గొడవ తేల్చడానికి కూర్చున్న ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 1 తీర్పు బేలియల్‌కే ఇచ్చాడు.

రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి.